పన్ను కట్టని వాడెవడు?

రైతు భరోసా పడిన రోజునో, తల్లికి వందనం డబ్బులు జమైన రోజునో, ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమని ప్రకటించిన రోజునో అపార్ట్‌మెంట్ల వాట్సాప్‌ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా తిరుగుతుంది. ‘మేం పన్నులు కడుతుంటే వాళ్లకు పంచిపెడుతున్నారు’ అని. రైలు బోగీలో, ఆఫీసు క్యాంటీన్‌లో, పెళ్లి భోజనాల దగ్గర కూడా వింటూనే ఉంటాం. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. జీతం చేతికి రాకముందే టీడీఎస్‌ కోత పడుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ పథకాలు అందుకునేవాళ్లు పన్ను కట్టడం లేదని తేల్చిందెవరు?

పాన్‌ కార్డు మొహం చూడని కూలీ కూడా ఈ దేశంలో పన్ను కడుతున్నాడు. పొద్దున పళ్లు తోముకున్న దగ్గర్నుంచి రాత్రి దోమల చక్రం వెలిగించేదాకా కడుతూనే ఉన్నాడు. ఎవరూ రశీదు ఇవ్వరు, ఫారం 16 ఇవ్వరు. అందుకే అతను పన్ను చెల్లింపుదారు అన్న సంగతి మనకే కాదు, అతనికీ తెలియదు. ఈ ఆదివారం ఆ లెక్కే ఒకసారి తీద్దాం.

బంకు దగ్గర

2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైచిలుకు. అందులో కేంద్ర ఎక్సైజ్‌ సుంకం, ఆ ఏడాది ఏప్రిల్‌లో పెంచిన తర్వాత, 21 రూపాయల 90 పైసలు. దాని మీద తెలంగాణ ప్రభుత్వం 35.2 శాతం వ్యాట్‌ వేస్తుంది. ఈ వ్యాట్‌ పెట్రోలు అసలు ధర మీద మాత్రమే పడదు, కేంద్రం వేసిన సుంకం కూడా కలిపిన ధర మీద పడుతుంది. అంటే పన్ను మీద పన్ను. అది సుమారు 28 రూపాయలు. రెండూ కలిపితే లీటరుకు దగ్గర దగ్గర 50 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు, భారం మాత్రం తక్కువేం కాదు. 31 శాతం వ్యాట్‌, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్ల పేరుతో మరో రూపాయి.

ఇప్పుడు బైకు మీద తిండి పొట్లాలు మోసే కుర్రాణ్ని తీసుకోండి. ఉప్పల్‌లో అద్దె గది, హైటెక్‌ సిటీ చుట్టుపక్కల పని. రోజుకు వంద కిలోమీటర్లకు తగ్గకుండా తిరిగితే రెండు లీటర్లు తాగుతుంది బండి. నెలకు 26 రోజులు పనిచేస్తే 52 లీటర్లు. ఒక్క పెట్రోలు మీదే అతను కట్టే పన్ను నెలకు 2,600, ఏడాదికి 31 వేల పైన. నెలంతా తిరిగితే చేతిలో 22 వేలు మిగులుతుందనుకున్నా, అందులో 12 శాతం బంకు దగ్గరే కట్టేసినట్టు. బండి కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ, లైఫ్‌ ట్యాక్స్‌ ఈ లెక్కలో లేవు. ఇన్సూరెన్సు మీద, టైర్ల మీద, ఇంజన్‌ ఆయిల్‌ మీద కట్టేదీ లేదు.

అతను పొట్లం అందించే ఫ్లాటులోని ఉద్యోగి జీతం ఏడాదికి 12 లక్షల 75 వేలు అనుకుందాం. 2025 బడ్జెట్‌లో వచ్చిన మార్పుతో, కొత్త విధానంలో స్టాండర్డ్‌ డిడక్షన్‌ 75 వేలు పోగా మిగిలిన 12 లక్షల మీద అతను కట్టాల్సిన ఆదాయపు పన్ను సున్నా. ఇది ఆ ఉద్యోగి తప్పు కాదు. ఊరట దక్కింది, మంచిదే. పెట్రోలు పన్ను అతనూ కడుతున్నాడు. కాకపోతే నెలకు లక్ష వచ్చేవాడికి ఆ 2,600 రెండున్నర శాతం. 22 వేలు వచ్చేవాడికి 12 శాతం. లీటరు మీద పన్ను ఇద్దరికీ ఒకటే, ఆ పన్ను కోసుకుపోయే ముక్క మాత్రం ఒకటి కాదు. వస్తువుల మీద వేసే ప్రతి పన్నుకూ ఉన్న గుణమే ఇది. కొనేవాడి జేబు ఎంత లోతో అది అడగదు.

రెండు రూపాయల ప్యాకెట్‌

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాయి. 12, 28 శాతం శ్లాబులు తీసేసి చాలా సరుకుల్ని 5, 18 శాతాల్లో సర్దారు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కి దిగాయి. నోటుపుస్తకాలు, పెన్సిళ్ల మీద పన్ను ఎత్తేశారు. సిమెంటు 28 నుంచి 18కి వచ్చింది. ఈ మార్పును తేలిగ్గా తీసిపారేయలేం. పిల్లలున్న ఇంట్లో నెల సరుకుల జాబితా ముందు పెట్టుకుంటే తేడా కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఆరోగ్య బీమా ప్రీమియం 40 వేలు కట్టేవాళ్లకు దాని మీద పడే 7,200 పూర్తిగా పోయింది. రోగం వస్తే ఆస్తులు అమ్ముకోకుండా కాపాడే బీమా మీద ఎనిమిదేళ్లకు పైగా 18 శాతం పన్ను వసూలు చేశారన్నది తలచుకుంటే మాత్రం బాధగానే ఉంటుంది.

అయితే తగ్గిన పన్ను ఎవరి ఇంటిదాకా వచ్చింది? వీధి చివర కిరాణా కొట్టులో షాంపూ ప్యాకెట్లు దండల్లా వేలాడుతుంటాయి. సీసా కొనే స్తోమత లేని ఇళ్లు వారానికి రెండు మూడు ప్యాకెట్లు చింపుకుని పోతాయి. రెండు రూపాయల ప్యాకెట్‌ మీద పన్ను 18 నుంచి 5కి దిగితే లెక్క ప్రకారం అది రూపాయి 78 పైసలకు రావాలి.

‘‘తగ్గిందన్నారుగా అన్నా?’’ అని అడుగుతుంది కొనడానికొచ్చిన ఆమె.

‘‘తగ్గింది అక్కా. ఇరవై రెండు పైసలు నేనెక్కణ్నుంచి తెచ్చియ్యాలి?’’

అతను అబద్ధం చెప్పడం లేదు. పైసలు చెలామణీలోంచి పోయి చాలా కాలమైంది. కంపెనీలు ఇలాంటి చోట ధర అలాగే ఉంచి సరుకు కాస్త పెంచుతామంటాయి. పెంచితే మంచిదే. పెంచారో లేదో కొలిచి చూసేదెవరు? మూడు వందల రూపాయల సీసా కొనేవాళ్లకు 33 రూపాయలు తగ్గడం కళ్లకు కనబడుతుంది. చిల్లరగా కొనేవాళ్లకు అదే తగ్గింపు నాలుగు చుక్కల షాంపూ రూపంలో వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. పన్ను తగ్గింపును కొనుగోలుదారుకు అందించకుండా దిగమింగే సంస్థల మీద చర్య తీసుకోవడానికి జీఎస్టీ చట్టంలోనే ఒక ఏర్పాటు ఉండేది. 2025 ఏప్రిల్‌ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. అంటే పెద్ద తగ్గింపు రావడానికి ఆరు నెలల ముందే కాపలా ఎత్తేశారు. ఇప్పుడు మిగిలింది వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915. ఇరవై రెండు పైసల కోసం ఎవరు ఫోన్‌ చేస్తారు?

బియ్యం సంగతి ఇంకా విచిత్రం. 2022 జులై 18 నుంచి ప్యాక్‌ చేసి లేబుల్‌ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 కిలోల లోపు సంచులకే ఆ పన్ను. దాంతో మన మార్కెట్‌లోకి 26 కిలోల బస్తాలు దిగాయి. ఒక్క కిలో పెంచితే పన్ను లేదు. ఫలితం ఏమైందంటే, ఒక్కసారే బస్తా దించుకోగలిగిన ఇంటికి పన్ను తప్పింది. అంత డబ్బు ఒక్కసారి తీయలేక ఐదు కిలోల ప్యాకెట్‌తో సరిపెట్టుకునే ఇంటికి తప్పలేదు. కావాలని ఇలా చేశారని నేననను. కానీ గీత ఎక్కడ గీస్తే ఎవరి మీద పడుతుందో ముందే చూడాల్సిన బాధ్యత గీసేవాళ్లది.

ఇచ్చిందాంట్లోంచే

వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి రైతు అసలు పన్నే కట్టడనుకునేవాళ్లు చాలామంది. మిరప వేసిన రైతు పురుగుమందుల కొట్టు బిల్లు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. నల్లి, తామర పురుగు వచ్చిన ఏడు ఎన్ని సార్లు కొట్టాలో లెక్కుండదు. ఎకరాకు మందులకే 40 వేలు పెట్టాడనుకుంటే అందులో పన్ను 6,100. ఎరువుల మీద 5 శాతం వేరే. దున్నిన ట్రాక్టరు డీజిలు మీద ఎక్సైజ్‌, వ్యాట్‌ వేరే. వ్యాపారి అయితే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మేటప్పుడు కట్టాల్సిన దాంట్లో సర్దుకుంటాడు. ఇన్‌పుట్‌ ట్యాక్స్‌ క్రెడిట్‌ అంటే అదే. రైతుకు జీఎస్టీ నంబరే లేదు కాబట్టి ఆ సర్దుబాటూ లేదు. యార్డుకు తెచ్చిన మిర్చికి ధర అతను నిర్ణయించడు కాబట్టి కట్టిన పన్నును కొనేవాడి మీద వేసే వీలూ లేదు. పన్ను అతని దగ్గరే ఆగిపోతుంది. ఎకరాకు ఏడాదికి 12 వేల రైతు భరోసా ఇస్తున్నామని చెప్పే ప్రభుత్వాలు, అదే ఎకరంలోంచి పురుగుమందుల పేరు మీద ఎంత వెనక్కి పోతోందో కూడా చెబితే బావుంటుంది.

ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు. ఆ డబ్బులో సిమెంటుకు, ఇనుముకు కలిపి లక్షన్నర పోయిందనుకుంటే, రెండింటి మీదా 18 శాతం లెక్కన దాదాపు 23 వేలు పన్నుగా మళ్లీ ఖజానాకే చేరుతుంది. ఇటుక, రంగులు, కరెంటు వైర్లు, కుళాయిలు ఇంకా మిగిలే ఉన్నాయి. సాయం చేయొద్దని కాదు, చేసిన సాయం ఎంతో సరిగ్గా చెప్పాలని. గోడ మీద రాసిన అంకె 5 లక్షలు. ఇంటికి దక్కింది అంతకంటే తక్కువ.

2022–23 గృహ వినియోగ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సగటున 4,802 రూపాయలు, ఆంధ్ర పల్లెల్లో 4,870. దేశం మొత్తం మీద పల్లె ఇళ్ల ఖర్చులో 46 శాతం తిండికే పోతోంది. అలాంటి ఇంట్లో నెల తిరిగేసరికి ఏమీ మిగలదు, వచ్చింది వచ్చినట్టు ఖర్చవుతుంది. ఖర్చయిన ప్రతిచోటా ఎంతో కొంత పన్ను ఉంటుంది. డబ్బున్నవాళ్లు ఆదాయంలో పెద్ద భాగం దాచుకుంటారు, భూమి కొంటారు, షేర్లలో పెడతారు. దాచుకున్న దాని మీద జీఎస్టీ పడదు. షేర్ల మీద ఏడాది దాటి వచ్చిన లాభానికి పన్ను 12.5 శాతమే. జీతం మీద పై శ్లాబు 30 శాతం. కష్టపడి సంపాదించిన రూపాయి కంటే, కూర్చున్నచోట పెరిగిన రూపాయి మీద ప్రభుత్వానికి మమకారం ఎక్కువని ఎవరైనా అంటే తప్పు పట్టలేను.

జీతగాడి కోపంలో న్యాయం ఉంది

మధ్యతరగతి ఉద్యోగి బాధ అబద్ధమని ఇదంతా చెప్పడం లేదు. 20 లక్షల జీతం ఉన్నవాళ్లు కొత్త విధానంలో 1,92,400 కడతారు. దాచడానికి వీలు లేదు, వాయిదా వేయడానికి వీలు లేదు. ఆ తర్వాత పిల్లల ఫీజులు, అమ్మానాన్నల ఆసుపత్రి ఖర్చు సొంతంగానే పెట్టుకోవాలి. కట్టిన పన్నుకు బదులుగా కనిపించేది గుంతల రోడ్డు. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఆ కోపం ఎటు తిరగాలన్నదే నా ప్రశ్న. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును, మినహాయింపులు వద్దనుకునే వాటికి, 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. దాని వల్ల వదులుకునే రాబడి ఏడాదికి లక్షా 45 వేల కోట్లని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. 2023–24కు వచ్చేసరికి కంపెనీల నుంచి నికరంగా వచ్చింది 9.11 లక్షల కోట్లు, వ్యక్తుల దగ్గర వసూలైన ఆదాయపు పన్ను 10.44 లక్షల కోట్లు. అంటే దేశంలోని కంపెనీలన్నీ కలిసి కట్టినదాని కంటే మనుషులు కట్టింది ఎక్కువ. ఎస్టేట్‌ డ్యూటీ 1985లో పోయింది, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. ఇవేవీ వాట్సాప్‌ గ్రూపుల్లో చర్చకు రావు. ఉచిత బస్సులో కూలికి పోయే ఆడమనిషి మాత్రం వస్తుంది. ఎందుకంటే ఆమె రోజూ కళ్లెదుట కనబడుతుంది.

కనబడితేనే పోరాటం

పన్ను మీద తిరగబడ్డ చరిత్ర మనకు కొత్తది కాదు. చీరాల, పేరాలను మునిసిపాలిటీ చేసి, ఏడాదికి 4 వేలున్న పన్నును 40 వేలకు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయటికి నడిచారు. రామనగర్‌ అని పేరు పెట్టుకుని పాకల్లో దాదాపు 11 నెలలు గడిపారు. అడవిలో పశువులు మేపితే కట్టాల్సిన పుల్లరి మీద పల్నాడు లేచింది. ఆ పోరాటంలోనే 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణం వదిలాడు. ఆ పన్నుకు ఒక పేరుంది, వసూలుకు వచ్చే ఒక మనిషి ఉన్నాడు, కట్టనని నిలబడడానికి ఒక గడప ఉంది.

మొన్నమొన్నటి ఉదాహరణ చెత్త పన్ను. ఆంధ్రప్రదేశ్‌ పట్టణాల్లో 2021 నుంచి చెత్త ఎత్తినందుకు ఇంటికి నెలకు 60, 120 రూపాయల చొప్పున వసూలు చేశారు. వీధి వీధినా గొడవ అయింది. ఎన్నికల్లో పెద్ద మాటయింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఆ 120 రూపాయలు రెండున్నర లీటర్ల పెట్రోలు మీద పడే పన్నుతో సమానం. అయినా ఏ బంకు దగ్గరా ఎవరూ ధర్నాకు కూర్చోరు. బంకు దగ్గర పన్ను అని అడగరు, ధర అంటారు. అడగకుండా తీసుకున్నదానికి జనం ఎదురు చెప్పరని పాలకులు ఎప్పుడో గ్రహించారు.

ఎవరిని అడగాలి?

పెట్రోలును జీఎస్టీలో కలిపితే సగం సమస్య తీరుతుందని తరచూ వింటుంటాం. పెట్రోలు, డీజిలు 2017లోనే బయట ఉండిపోయాయి. 2021 సెప్టెంబరులో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో ఆ ప్రస్తావన వచ్చి, ఇప్పుడు వద్దన్న నిర్ణయంతో ముగిసింది. రాష్ట్రాల భయం అర్థం చేసుకోదగ్గదే. జీఎస్టీ వచ్చాక తమ చేతి కింద మిగిలిన పెద్ద రాబడి మార్గాలు పెట్రోలు, మద్యం, స్టాంపులు–రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను. వాటిలో ఒకటి పోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఒకసారి చూసింది. 1995లో ఎన్టీఆర్‌ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. ఏడాది తిరగ్గానే, 1996లో, చంద్రబాబు ప్రభుత్వం రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసింది. 1997లో నిషేధమే పోయింది. దూబగుంట ఆడవాళ్లు రోడ్డెక్కి సాధించుకున్నదాన్ని ఖజానా లెక్క రెండేళ్లలో మింగేసింది.

కేంద్రానికి ఆ సాకు కూడా లేదు. 2025లో లీటరు పెట్రోలు మీద అది తీసుకున్న 21.90లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజ్‌ సుంకం రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. వాటిని పంచాల్సిన పని లేదు. ఆదాయపు పన్ను మీద వేసే 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సుదీ అదే కథ. 41 శాతం రాష్ట్రాలకు ఇస్తున్నామని చెప్పే లెక్క, ముందు సెస్సుల్ని పక్కన పెట్టుకున్న తర్వాత మిగిలినదాని మీద. అలా వాటా తగ్గిన రాష్ట్రం ఆ లోటును వ్యాట్‌ పెంచి పూడ్చుకుంటుంది. ఢిల్లీ, హైదరాబాద్‌, అమరావతి ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటుంటే అందరికీ కట్టేది ఒకే జేబు.

తగ్గించడం కుదరని పనేం కాదు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 రూపాయలు తగ్గించినప్పుడు కర్ణాటక తన వంతుగా మరో 7 తగ్గించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ తగ్గించలేదు. సరిహద్దు ఊళ్ల వాళ్లు ట్యాంకు నింపుకోవడానికి అటు వెళ్లడం మొదలుపెట్టారు. జీఎస్టీ మండలిలో ఏ నిర్ణయానికైనా మూడొంతుల్లో రెండొంతుల బలం రాష్ట్రాలది, ఒక వంతు కేంద్రానిది. నాలుగింట మూడొంతుల మెజారిటీ ఉంటే తప్ప ఏదీ కదలదు. వ్యాట్‌కు ఆ చిక్కులేం లేవు. రాష్ట్ర ప్రభుత్వం తల్చుకుంటే చాలు. తెలంగాణ తన వ్యాట్‌ను కర్ణాటక అప్పట్లో తగ్గించినంత, అంటే లీటరుకు 7 రూపాయలు, తగ్గించినా పైన చెప్పిన కుర్రాడికి నెలకు 364 రూపాయలు మిగులుతాయి.

వచ్చే ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ బడ్జెట్లు వస్తాయి. ఏ పథకానికి ఎన్ని కోట్లో మర్నాడు పేపర్లన్నీ పేజీలకు పేజీలు రాస్తాయి. రాబడి పద్దుల్లో అమ్మకం పన్ను, ఎక్సైజ్‌, వాహనాల పన్ను అనే మూడు వరుసలుంటాయి. కిందటేటి కంటే వాటి అంచనా ఎంత పెరిగిందో చూసి, ఆ పెరిగిన డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయబోతున్నారో శాసనసభలో ఒక్క సభ్యుడైనా లేచి అడగాలి. అడిగే సభ్యుణ్ని మనం చూసి ఎన్నుకోవాలి.